నింగిలో గంట, నేల మీద పూట

లండన్‌లోని హీత్రూ నుంచి పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయానికి ఆకాశంలో గీత గీస్తే దాదాపు 350 కిలోమీటర్లు. రాజమహేంద్రవరం పక్కన మధురపూడి నుంచి శంషాబాద్‌కు గీసినా దాదాపు 360. రెండు చోట్లా విమానం గాలిలో ఉండేది గంట, మహా అయితే ఇంకో పావుగంట. కానీ జంగారెడ్డిగూడెం బస్టాండులో నిలబడి హైదరాబాద్ ఎంత దూరమని అడిగితే ఎవరూ కిలోమీటర్లలో చెప్పరు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారంటారు. విమానం సంగతి అడిగితే మాత్రం ఎదురు ప్రశ్న వేస్తారు: మధురపూడి వెళ్లి ఎక్కుతారా, గన్నవరం వెళ్లి ఎక్కుతారా?

ఆ ఎదురు ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉంది. గోదావరికి, కృష్ణకు మధ్య ఉన్న ఈ నేల మీద దారులన్నీ వేరే ఎవరి పని కోసమో పడ్డాయి. పొలాలకు నీళ్లివ్వడానికి కాలువ తవ్వారు, అందులో పడవలు తిరిగాయి. మద్రాసును కలకత్తాతో కలపడానికి పట్టాలు వేశారు, దారిలో ఉన్నందుకు ఏలూరు బాగుపడింది. యుద్ధం కోసం తాడేపల్లిగూడెంలో రన్‌వే పోశారు. వీటిలో ఏదీ మెట్ట మీదున్న జంగారెడ్డిగూడెం దాకా రాలేదు.

ఈ ప్రాంతంలో రెండు ఊళ్ల మధ్య దూరాన్ని అంకెల్లో రాసిపెట్టిన తొలి విదేశీయుల్లో చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ ఒకడు. 7వ శతాబ్దంలో, 640 ప్రాంతంలో ఆయన ఆంధ్ర దేశానికి వచ్చాడు. ఆయన చెప్పిన రాజధాని వేంగి అని, అది ఏలూరుకు కూతవేటు దూరంలోని నేటి పెదవేగి అని చరిత్రకారుల నిర్ధారణ. అక్కడి నుంచి అడవి దారిన దక్షిణంగా సుమారు 1000 లీలు వెళ్తే ధాన్యకటకం వస్తుందని రాశాడు. లీ అంటే అర కిలోమీటరుకు కాస్త తక్కువ. ఆ లెక్కన వేంగి నుంచి అమరావతికి 400 కిలోమీటర్లు దాటాలి. ఇవాళ పెదవేగిలో కారెక్కి విజయవాడ మీదుగా అమరావతి వెళ్తే రీడింగు 110 దగ్గర ఆగుతుంది. మహాయాత్రికుడు అంత తప్పు లెక్క వేశాడా? అలా అనుకోనక్కర్లేదు. గొలుసు పట్టుకుని కొలిచినవాడు కాదాయన. అడవిలో నడిచిన రోజులే లీలుగా మారి ఉండాలి. వాగులు పొంగితే ఆగిన రోజులు, తోడు దొరికేదాకా ఎదురుచూసిన రోజులు, చుట్టూ తిరిగిన దారులు అన్నీ ఆ వెయ్యిలో కలిసిపోయి ఉంటాయి. ఈ ప్రాంతపు దూరాల గురించి ఇంతకన్నా నిజమైన లెక్క ఇంకొకటి లేదేమో.

ఆయన రాకకు ఎనిమిది వందల ఏళ్ల ముందే ఇక్కడ దారి ఉంది. జంగారెడ్డిగూడెం నుంచి కామవరపుకోట మీదుగా ఏలూరు వెళ్లే మార్గానికి దగ్గర్లో, జీలకర్రగూడెం కొండల్లో గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. క్రీస్తు పూర్వం నాటి కట్టడాలివి. అక్కడ దొరికిన ఒక శాసనం సిరిసద అనే రాజును కళింగ, మహిషక దేశాలకు అధిపతిగా చెబుతుంది. ఆరామాలు జనం తిరగని చోట నిలబడవు. భిక్షువుకు బిడారు కావాలి, బిడారుకు దారి కావాలి. డెల్టా ఇంకా బురదగా, వరదగా ఉన్న కాలంలో ఉత్తరాదికి పోయే బళ్లు మెట్ట అంచునే నడిచి ఉంటాయి. అప్పట్లో జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల నేల మూల కాదు, అదే రహదారి.

1830 మే 18న మద్రాసు సుప్రీంకోర్టు ప్రధాన దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయలుదేరాడు. హైదరాబాద్, నాగపూరుల మీదుగా ఎగువ దారిన వెళ్లి, గయ, కలకత్తా చూసుకుని, పూరీ మీదుగా కోస్తా వెంట దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలు, సుమారు 2500 మైళ్లు. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడలో, దారి ఇసుకో రాయో, మజిలీలో ఏం దొరుకుతుందో, ఏ నది ఎలా దాటాలో పూటపూటా రాసుకుంటూ పోయాడు. ఆమడంటే సుమారు ఎనిమిది మైళ్లని సాధారణ లెక్క, ప్రాంతాన్ని బట్టి కాస్త అటూఇటూ. బోయీల భుజాల మీద సవారీలో సాగిన ఆ కాలంలో సర్కారు జిల్లాల ప్రయాణమంటే వర్షాకాలంలో నదుల దగ్గర పడిగాపులే. ఆమడకు రెండు విలువలు: వేసవిలో ఒకటి, శ్రావణంలో ఒకటి.

ఆ శ్రావణాన్నే వాడుకున్నవాడు కాటన్ దొర. 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. 1855కల్లా బెజవాడలో కృష్ణ ఆనకట్ట నిలిచింది. గోదావరి వైపు నుంచి ఒక కాలువ, కృష్ణ వైపు నుంచి ఒక కాలువ వచ్చి ఏలూరు దగ్గర కలుసుకున్నాయి. రాజమహేంద్రవరం నుంచి విజయవాడ దాకా ఏలూరు కాలువ పొడవు 139 కిలోమీటర్లు. ఇటు కాకినాడ కాలువ, అటు కొమ్మమూరు కాలువ, ఆపైన బకింగ్‌హామ్ కాలువ కలిసేసరికి కాకినాడలో పడవెక్కినవాడు సముద్రంలోకి వెళ్లకుండానే మద్రాసులో దిగే వీలు వచ్చింది.

రాదారి పడవల కాలం అది. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానికేసుకుని లాగాలి. లాకుల దగ్గర ఆగాలి. నీటిమట్టం సమానమయ్యేదాకా పడవలో కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. లాగేవాళ్ల నడక గంటకు రెండు మైళ్లనుకుంటే ఏలూరు కాలువ మొత్తం దాటడానికి 43 గంటలు. ఇప్పటి కళ్లకు అది నత్తనడకే. అయినా బండి కన్నా చాలా నయం. ఎద్దులకు రాత్రి విశ్రాంతి కావాలి, పడవ మాత్రం రాత్రంతా కదులుతూనే ఉంటుంది. వంట అందులోనే, నిద్ర అందులోనే. పైగా ఒక్క పడవలో పట్టే ధాన్యానికి ఎన్ని బళ్లు కట్టాలో రైతుకు తెలుసు.

ఇక్కడే పల్లం, మెట్ట విడిపోయాయి. కాలువ నీరు పల్లానికి పారుతుంది కానీ మెట్టకు ఎక్కదు. నీరు ఎక్కని చోటికి పడవా ఎక్కదు. జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు యాభై కిలోమీటర్లకు కాస్త పైన. గంటకు మూడు కిలోమీటర్లు నడిచే ఎడ్లబండికి అది పద్దెనిమిది గంటల దారి, అంటే మధ్యలో ఒక మజిలీతో రెండు రోజులు. ఆ దారి అయ్యాకే కాలువ గట్టు కనిపించేది. అంతకుముందు దాకా పల్లెలన్నీ ఒకే రకంగా దూరమే. కాలువ వచ్చాక కొన్ని దగ్గరయ్యాయి, మిగిలినవి ఉన్నచోటే ఉండి దూరమయ్యాయి.

రైలు ఈ తేడాను ఇంకా గట్టిపరిచింది. 1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ వైపు పట్టాలు పరిచింది. బెజవాడ, ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు వరసగా డెల్టా తలగట్టు మీద కూర్చున్నాయి. చదును నేల కావడంతో ఇంజనీర్లకు మెలికలు తిప్పే పని పడలేదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పక్షి ఎగిరే దూరం 47 కిలోమీటర్లయితే, రైలు దూరం దానికన్నా ఒకటి రెండు కిలోమీటర్లే ఎక్కువ. దేశంలో ఆకాశపు గీతకు ఇంత దగ్గరగా నేల మీద గీత పడిన చోట్లు మరీ ఎక్కువ ఉండవు. గోదావరి ఒక్కటే అడ్డం. కొవ్వూరులో రైలు దిగి రేవు దాటి అవతల మళ్లీ ఎక్కే తిప్పలు 1900లో హేవ్‌లాక్ వంతెనతో తీరాయి. రెండు రోజుల పడవ ప్రయాణం పూటలోకి కుదించుకుపోయింది. రాదారి పడవలు వెంటనే మాయం కాలేదు, సరుకుతో దశాబ్దాల పాటు తిరిగాయి. కానీ ప్రయాణికుడు మాత్రం పట్టాల వైపు వెళ్లిపోయాడు.

లండన్, పారిస్‌ల మధ్య రోజువారీ విమానం మొదలైంది 1919 ఆగస్టు 25న. యుద్ధంలో బాంబులు వేయడానికి తయారైన విమానాన్ని మార్చి, అందులో ఒకే ఒక ప్రయాణికుణ్ణి, కొన్ని పత్రికలను, తోలును, వేటపిట్టలను, జాడీల్లో మీగడను వేసుకుని హౌన్‌స్లో నుంచి లె బూర్జేకు రెండున్నర గంటల్లో చేర్చారు. అదే ఏడు జంగారెడ్డిగూడెం వాడు ఏలూరు చేరాలంటే ఎడ్లబండే దిక్కు. పోలిక అన్యాయమే, కాదనలేం. కానీ విమానం తెలుగు నేల వైపు రావడానికి ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు. 1929లో లండన్ నుంచి కరాచీకి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ టపా విమానం వచ్చింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి పుస్ మాత్ విమానం నడిపాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ ఉత్తరాలను బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. బళ్లారి అప్పటికి మద్రాసు రాజధానిలోని జిల్లా కేంద్రం, సగం తెలుగు ఊరు. మనుషులకన్నా ముందు ఉత్తరాలు విమానమెక్కాయి.

ఏలూరు, తాడేపల్లిగూడెంల పైన విమానం చప్పుడు మామూలైపోయింది మాత్రం యుద్ధం వల్ల. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తూర్పు తీరం ఒక్కసారిగా యుద్ధరంగం అంచుకు వచ్చేసింది. ఆ ఏడే తాడేపల్లిగూడెంలో బ్రిటిష్ ప్రభుత్వం సుమారు రెండు కిలోమీటర్ల రన్‌వే వేయించింది. పక్కనే రైలు ఉంది, నేల చదును, గోదావరి, కృష్ణ ముఖద్వారాలు రెండూ అందుబాటులోనే. సైనికాధికారి లెక్కలో అంతకన్నా ఏం కావాలి? విజయవాడ పక్కన గన్నవరం రన్‌వే కూడా ఆ యుద్ధకాలపు బిడ్డే.

యుద్ధం ముగిశాక ఈ రెండింటి జాతకాలు వేరయ్యాయి. గన్నవరం పౌర విమానాశ్రయమైంది, తాడేపల్లిగూడెం అలాగే ఉండిపోయింది. అటు మధురపూడికి 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి విజయవాడకు మొదలుపెట్టిన తొలి విమానానికి బేగంపేట రన్‌వే మీదే ఇంజను అంటుకుంది. లోపల వెంకయ్యనాయుడు, అప్పటి పౌరవిమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. శకునాలు చూసేవాళ్లయితే అక్కడితో మానుకునేవాళ్లు. ఆ సంస్థ మానుకోలేదు, టికెట్ ధర తగ్గితే జనం విమానమెక్కుతారని నిరూపించింది కూడా. 2018 డిసెంబరులో గన్నవరం నుంచి నేరుగా సింగపూర్‌కు ఇండిగో విమానం ఎగిరింది. ఖాళీ సీట్ల నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించే ఒప్పందం అది. ప్రభుత్వం మారింది, 2019 మధ్యలో విమానమూ ఆగింది. దూరం ఎంతో భూగోళం చెబుతుంది, విమానం ఎగురుతుందో లేదో బడ్జెట్ చెబుతుంది.

తాడేపల్లిగూడెం రన్‌వే మీద మాత్రం ఇప్పటికీ ప్రయాణికుల విమానం దిగడం లేదు.

ఆకాశదూరానికి, నేలదూరానికి ఉన్న తగాదా అసలు చూడాలంటే కొల్లేటికి వెళ్లాలి. ఏలూరు నుంచి కైకలూరుకు పక్షికి 21 కిలోమీటర్లు. మధ్యలో సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి ఇందులో పడతాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే, అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వచ్చే దారులు నాలుగైతే పోయే దారి ఒకటి కావడంతో వానాకాలంలో సరస్సు ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. అలాంటి నీటి మీద రెండు ఊళ్ల మధ్య దూరం ఇంత అని రాయి పాతడం ఎవరి తరం? లంక గ్రామాలవాళ్లు తాటిదోనెల్లోనే తిరిగారు. తాటిమాను తొలిచి చేసే దోనె మూరెడు నీటిలో కూడా నడుస్తుంది, గెడ ఉంటే చాలు. రైలు కూడా సరస్సును దాటడానికి సాహసించలేదు. 1920ల చివర్లో గుడివాడ నుంచి భీమవరానికి వేసిన లైను కైకలూరు, ఆకివీడు మీదుగా దక్షిణపు అంచు పట్టుకుని పోయింది. ఉత్తరాన మెయిన్ లైను, దక్షిణాన ఈ లైను, నడుమ నీళ్లు.

పక్షుల విషయం వేరు. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుక్కున్నారు. అప్పటికి దాదాపు 3000 పక్షులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. 1970ల మధ్యకల్లా ఆ స్థావరం కనుమరుగైంది. ఇప్పుడు గూడబాతులను చూడాలంటే కైకలూరు పక్కన ఆటపాకకు వెళ్లాలి. వాటికి లాకులూ లేవు, చెక్‌పోస్టులూ లేవు, అయినా మనుషులు చేసే మార్పులకు అవి కూడా చోటు మార్చుకోక తప్పలేదు.

చేపల చెరువులు వచ్చాక కొల్లేటి దూరాలు మళ్లీ మారాయి. ఐసు వేసి సర్దిన చేప కలకత్తాకు, అస్సాంకు వెళ్లాలి, దోనె మీద అది అయ్యే పని కాదు. లారీ రావాలంటే రోడ్డు రావాలి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇన్ని జరిగినా ఏలూరు, కైకలూరు రోడ్డు మీద చినఎడ్లగాడి దగ్గర వరద నీరు ఎక్కితే బస్సులు ఆగడం మాత్రం ఆగలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు కలెక్టరును కలవాలంటే బందరు పోయేవాళ్లు, ఇప్పుడు సరస్సు దాటి ఏలూరు రావాలి. అదే రోజు తాడేపల్లిగూడెం వాళ్లకు జిల్లా కేంద్రం ఏలూరు కాకుండా భీమవరమైంది. రైలెక్కితే చాలనుకునే ప్రయాణం దారి మార్చుకుంది. ఒక్క గెజిట్ నోటిఫికేషను రాత్రికి రాత్రి ఎన్ని దూరాలు మార్చగలదో కాటన్ దొర కాలువలు కూడా అన్ని మార్చలేదు.

జంగారెడ్డిగూడెం వాడి లెక్క ఇంకా మిగిలే ఉంది. ఆకాశంలో చూస్తే శంషాబాద్ 300 కిలోమీటర్ల చిల్లర, మధురపూడి 56. నేల మీద మధురపూడికి కొవ్వూరు దగ్గర గోదావరి దాటి వెళ్లాలి. 2015లో నాలుగో వంతెన వచ్చాక కొంత సులువైంది, అయినా కారులో రెండు గంటలు వేసుకోవాలి. ముందుగా వెళ్లి కూర్చోవడానికి గంటన్నర, గాలిలో గంటా పావు, శంషాబాద్‌లో దిగి ఊళ్లోకి ఇంకో గంట. మొత్తం దాదాపు ఆరు గంటలు. సత్తుపల్లి, ఖమ్మం, సూర్యాపేట మీదుగా నేరుగా కారులో పోయినా 330 కిలోమీటర్ల చుట్టూ, అంటే దాదాపు అవే ఆరు గంటలు. లండన్, పారిస్ వాళ్లకూ ఈ చిక్కు తెలుసు. 1994లో సముద్రం కింది సొరంగంలో యూరోస్టార్ రైలు మొదలయ్యాక ఊరి నడిబొడ్డున ఎక్కి మొదట్లో మూడు గంటల్లో, 2007 నుంచి రెండుంపావు గంటల్లో ఊరి నడిబొడ్డున దిగే వీలు వచ్చింది. గంట విమానాన్ని వదిలి జనం రైలెక్కారు.

జంగారెడ్డిగూడెంలో వదలడానికి విమానం లేదు, ఎక్కడానికి రైలూ లేదు. కొవ్వూరు నుంచి భద్రాచలం రోడ్డు స్టేషనుకు జంగారెడ్డిగూడెం మీదుగా రైలు లైను అన్న మాట దశాబ్దాలుగా నలుగుతోంది. అవతలి చివర సత్తుపల్లి నుంచి భద్రాచలం రోడ్డు దాకా 54 కిలోమీటర్లు 2022లో పూర్తయ్యాయి. కారణం సింగరేణి బొగ్గు. బొగ్గుకు తొందర ఉంది, దానికి డబ్బు పెట్టేవాళ్లూ ఉన్నారు. మెట్ట పొగాకు కూడా దూరదేశాలకే పోతుంది. ఊళ్లోని పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో అమ్ముడైన ఆకు గుంటూరు ఫ్యాక్టరీల మీదుగా బెల్జియం దాకా చేరుతుంది, కానీ దానికి రైలు అడిగే తొందర లేదు. మెట్ట పంటల్లో తొందరంతా పామాయిల్ గెలకే. కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. ఆ రైతుకు శంషాబాద్ కన్నా మిల్లు దూరమే ముఖ్యం.

ఇంతకాలానికి ఒక గీత మాత్రం ఈ ఊరి పక్కగా పడింది. ఖమ్మం నుంచి దేవరపల్లికి దాదాపు 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ హైవే సత్తుపల్లి, జంగారెడ్డిగూడెంల మీదుగా వేశారు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లేవాళ్లు విజయవాడ చుట్టూ తిరక్కుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. ఇది కూడా వేరేవాళ్ల పని కోసం పడిన దారే. కాకపోతే ఈసారి అది మెట్ట మీదుగా పోతోంది, క్రీస్తు పూర్వం బళ్లు నడిచిన అంచుకు మరీ దూరం కాకుండా.

తాడేపల్లిగూడెంలో విమానాశ్రయం అన్న మాటకూ మళ్లీ కదలిక వచ్చింది. కుప్పం, శ్రీకాకుళం, ఒంగోలు, దగదర్తి, నాగార్జునసాగర్, తుని–అన్నవరం ప్రతిపాదనలతో పాటు దాని పేరూ రాష్ట్ర ప్రభుత్వ జాబితాలో ఉంది. జంగారెడ్డిగూడెంకు అది ఆకాశంలో 43 కిలోమీటర్లే, మధురపూడి కన్నా దగ్గర, దారిలో గోదావరి దాటే పనీ లేదు. అడ్డం వచ్చేది 2008 నాటి కేంద్ర విధానం. ఇప్పటికే నడుస్తున్న పౌర విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే పాతదాని మీద పడే ప్రభావాన్ని తేల్చి, కేంద్రం ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. తాడేపల్లిగూడెం నుంచి మధురపూడి 45 కిలోమీటర్లు, గన్నవరం 84. రెండూ ఆ గిరి లోపలే ఉన్నాయి. ఆ దూరాన్ని కొలిచేది మాత్రం రోడ్డు మీద కాదు, పక్షి ఎగిరే దారిలోనే.